కుక్కకు క్యాన్సర్ అన్నాక: డాక్టరు చెప్పే నెలలు, మనం రాసుకోవాల్సిన రోజులు

"మహా అయితే రెండు నెలలు" అని డాక్టరు అనగానే చెవులు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఆయన చెప్పేదేదీ బుర్రకెక్కదు. ఇంటికొచ్చాక గుర్తుండేది ఆ రెండు నెలల మాట ఒక్కటే. కానీ ఆ అంకె వెనక మూడు ప్రశ్నలున్నాయి. ఏ క్యాన్సర్‌కి రెండు నెలలు? ఏ వైద్యం చేయిస్తే రెండు నెలలు? వంద కుక్కల్లో ఎన్నింటికి రెండు నెలలు? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా ఆ అంకెను మోసుకు తిరిగితే ఇంట్లోవాళ్ళకు నిద్ర కరవవుతుందే తప్ప కుక్కకు ఒరిగేదేమీ లేదు.

తిరువళ్ళూరు, తిరుత్తణి చుట్టుపక్కల కుక్కను పెంచుకుంటున్న తెలుగు కుటుంబాల కోసం రాసిన కథనమిది. ఇలాంటి సమయంలో చుట్టుముట్టే అంకెలన్నింటికీ ఒకే విలువ ఉండదు. కొన్నింటిని డాక్టరును అడిగి రాబట్టాలి. కొన్నింటిని ఇంట్లో మనమే కొలిచి రాసుకోవాలి. కొన్నింటిని చెవిన వేసుకుని వదిలేయాలి. ఏది ఏ కోవలోకి వస్తుందో చూద్దాం.

4లో 1: ఇది అరుదైన జబ్బు కాదు

అమెరికా పశువైద్య సంఘం లెక్క ప్రకారం ప్రతి 4 కుక్కల్లో ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కణితి వస్తుంది. పదేళ్ళు దాటిన కుక్కల్లో దాదాపు సగం క్యాన్సర్ బారిన పడతాయి. ఇవి అక్కడి కుక్కల లెక్కలే అయినా అసలు కారణం ఎక్కడైనా ఒకటే: వయసు. టీకాలు, వేళకు తిండి, ఇంట్లో చోటు దొరికిన కుక్క ఎక్కువ కాలం బతుకుతుంది. ఎక్కువ కాలం బతికిన ఒంట్లో కణాలు దారి తప్పే అవకాశమూ ఎక్కువే. కొన్ని జాతుల్లో ముప్పు ఇంకా పెరుగుతుంది. గోల్డెన్ రిట్రీవర్లు, బాక్సర్లు, రాట్‌వైలర్లు ఈ జాబితాలో ముందుంటాయి. గోల్డెన్ రిట్రీవర్ల సంగతి తేల్చడానికి అమెరికాలోని మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో మొదలుపెట్టి 3,000కు పైగా కుక్కలను చిన్నతనం నుంచీ ఏటేటా పరీక్షిస్తూ వస్తోంది.

ఇంత పెద్ద అధ్యయనం జరుగుతున్న ప్రశ్నకు "నేను పెట్టిన పెరుగన్నం వల్లే వచ్చిందా" అని రాత్రంతా కూర్చుని జవాబు వెతుక్కోనక్కర్లేదు. చాలా కుక్కల విషయంలో ఫలానా కారణం అని వేలెత్తి చూపడం వైద్యులకే సాధ్యం కాదు.

28 రోజులు: ముందు పిడుదుల జ్వరం సంగతి తేల్చండి

మన వైపు వేడికి, తేమకు పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి. అవి అంటించే ఎర్లికియా జ్వరం క్యాన్సర్ వేషం వేసుకుని వస్తుంది. మెడ కింద, తొడ సందుల్లో బిళ్ళలు కడతాయి. ముక్కులోంచి నెత్తురు కారుతుంది. కుక్క బక్కచిక్కిపోతుంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి. లింఫోమా అనే క్యాన్సర్‌లోనూ బిళ్ళలే కడతాయి, కుక్క అలాగే చిక్కిపోతుంది. తేడా ఏమిటంటే పిడుదుల జ్వరానికి డాక్సీసైక్లిన్ మాత్రలున్నాయి. మామూలుగా 28 రోజుల కోర్సు ఇస్తారు. వేళకు మొదలుపెడితే చాలా కుక్కలు కోలుకుంటాయి.

అందుకే చేత్తో తడిమి చూసి "క్యాన్సరే అయి ఉంటుంది" అంటే అక్కడితో ఆగకూడదు. పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష, బిళ్ళకు సూది పరీక్ష రెండూ చేయించాలి. ఒక కుక్కకు రెండు జబ్బులూ ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి ఒకటి దొరికిందని రెండోది మానేయకూడదు.

22 గేజి: పేరు తేల్చేది ఈ సూదే

సూది పరీక్ష అంటే భయపడేంతది కాదు. డాక్టరు గడ్డను రెండు వేళ్ళ మధ్య కదలకుండా పట్టుకుంటారు. ఇంజెక్షన్‌కు వాడే 22 గేజి సూదినే గడ్డలోకి దించి, బయటికి తీయకుండా రెండు మూడు దిక్కులకు కొద్దిగా కదుపుతారు. సూదిని తీసి, గాలి నింపిన సిరంజికి తగిలించి, లోపల చిక్కుకున్న చుక్కను గాజు పలక మీదికి చిమ్ముతారు. మరో పలకతో దాన్ని పలచగా పరిచి, ఆరనిచ్చి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. మత్తు అక్కర్లేదు. చాలా కుక్కలు టీకా సూదికి చేసినంత గొడవ కూడా చేయవు. ఇదంతా కొద్ది నిమిషాల పని. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందన్న భయం మనుషుల్లో ఉన్నట్టే ఇక్కడా ఉంది. చర్మం కింది గడ్డల విషయంలో అలా జరగడం చాలా అరుదు.

ఆ చుక్కలో చీము ఉండొచ్చు, ఉత్త కొవ్వు ఉండొచ్చు, క్యాన్సర్ కణాలుండొచ్చు. తేలకపోతే ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అక్కడ గుర్తుంచుకోవాల్సిన అంకె 10. తీసిన ముక్క ఎంత ఉంటే దానికి పది రెట్లు ఫార్మలిన్ ద్రావణం సీసాలో ఉండాలి. తక్కువ పోస్తే ముక్క మధ్యలో కుళ్ళిపోయి రిపోర్టు పనికిరాకుండా పోతుంది. గడ్డను ఆపరేషన్ చేసి తీసేస్తున్నారంటే ముందుగానే "దాన్ని పారేయొద్దు, బయాప్సీకి పంపండి" అని చెప్పాలి. తీసేసిన గడ్డ ఏమిటో తెలియకపోతే తర్వాత ఏ మందు వాడాలో ఎవరూ చెప్పలేరు.

ఊపిరితిత్తులకు పాకిందేమో చూడటానికి ఛాతీకి మూడు భంగిమల్లో ఎక్స్‌రే తీస్తారు: కుడి పక్కకు పడుకోబెట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, వెల్లకిలా. సుమారు 7 నుంచి 9 మిల్లీమీటర్ల కన్నా చిన్న గడ్డలు ఎక్స్‌రేలో కనబడవు. కాబట్టి "క్లియర్‌గా ఉంది" అంటే కంటికి కనిపించేంత పెద్దది లేదని అర్థం.

తిరువళ్ళూరు వైద్య వీరరాఘవస్వామికి మొక్కుకుని పుష్కరిణిలో బెల్లం వదిలితే ఒంటి జబ్బు కరిగిపోతుందని నమ్మేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. మొక్కు మొక్కుకోండి. కానీ అమావాస్య దాకా ఆగుదామని సూది పరీక్షను వాయిదా వేయకండి.

78, 59: పూర్తిగా నయమయ్యే క్యాన్సర్ ఒకటుంది

వీధికుక్కలు ఎక్కువగా ఉన్న చోటల్లా కనిపించే క్యాన్సర్‌ను వైద్యులు పొట్టిగా టీవీటీ అంటారు. ఆపరేషన్ చేయించకుండా బయట తిరిగే కుక్కల్లో ఎక్కువ. మర్మాంగం దగ్గర, ఒక్కోసారి ముక్కులోనో నోట్లోనో ఎర్రగా, గరుకుగా, ముట్టుకుంటే నెత్తురు కారేలా గడ్డ లేస్తుంది. ఆడకుక్కకైతే చుక్కలు చుక్కలుగా నెత్తురు పడుతుంటే ఎదకొచ్చిందనుకుని ఇంట్లోవాళ్ళు వారాల తరబడి ఊరుకుంటారు.

ఈ జబ్బును అంటించేది వైరస్ కాదు, క్యాన్సర్ కణమే. కుక్కలు కలిసినప్పుడు, వాసన చూసి నాకినప్పుడు ఆ కణం ఒక ఒంటి నుంచి మరో ఒంటికి చేరి అక్కడ పెరుగుతుంది. మామూలు కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే ఈ గడ్డ కణాల్లో 57 నుంచి 64 దాకా, చాలావాటిలో 59 ఉంటాయి. అంటే ఆ గడ్డ మీ కుక్క ఒంట్లో పుట్టింది కాదు, బయటి నుంచి వచ్చి చేరింది. 1876లో రష్యా పశువైద్యుడు నోవిన్‌స్కీ దీన్ని ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటించి చూపించాడు. 43 దేశాల్లో సేకరించిన 546 గడ్డల జన్యువులను చదివిన శాస్త్రవేత్తలు, ఇది 4,000 నుంచి 8,500 ఏళ్ళ కిందట ఆసియాలో ఒకే ఒక్క కుక్కలో మొదలైందని 2019లో ప్రకటించారు. మనుషులకు ఇది అంటదు.

దీనికి మందు విన్‌క్రిస్టిన్. వారానికో సూది చొప్పున మామూలుగా 4 నుంచి 6 వారాలు, మొండిదైతే 8 వారాలు వేస్తారు. నూటికి 90కి పైగా కుక్కలకు పూర్తిగా నయమవుతుంది. ఈ మందు వచ్చింది మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి. ఇక్కడి తమిళులు నిత్యకల్యాణి అంటారు. మనుషుల క్యాన్సర్లకూ వాడే మందు కాబట్టి దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. అలాగని ఆకు నూరి తాగించబోతే ప్రమాదం, ఆ మొక్క విషపూరితం. సూది కూడా చేయి తిరిగిన డాక్టరే వేయాలి. నరం దాటి మందు పక్కకు కారితే అక్కడి కండ పుండుపడి ఊడిపోతుంది. ముందు నరానికి క్యాన్యులా పెట్టి, సెలైన్‌తో పరీక్షించి, ఆ తర్వాతే మందు ఎక్కించమని అడగొచ్చు.

అందుకే "క్యాన్సర్" అన్న మాట విని ఆశ వదులుకోవడానికి ముందు అది ఏ క్యాన్సరో తెలియాలి. టీవీటీ అయితే నెలన్నర ఓపిక పడితే గట్టెక్కుతారు.

నెలల్లో: మిగతా క్యాన్సర్ల లెక్క

ఇవి పశువైద్య గ్రంథాల్లో కనిపించే ఉజ్జాయింపు మధ్యస్థాలు. మధ్యస్థం అంటే ఏమిటో కింద చూద్దాం.

లింఫోమా: వైద్యం లేకుండా 4 నుంచి 6 వారాలు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఒక్కటే వాడితే 1 నుంచి 2 నెలలు. నాలుగు మందుల కీమో పూర్తిగా చేయిస్తే సుమారు ఏడాది. కీమో మొదలైన కుక్కల్లో 80 నుంచి 90 శాతం వాటికి బిళ్ళలు కరిగిపోతాయి, కానీ చాలావాటికి జబ్బు తిరగబెడుతుంది.

ఎముక క్యాన్సర్: కాలు తీసేస్తే నొప్పి పోతుంది, ఆయుష్షు 4 నుంచి 6 నెలలు. కాలు తీసి కీమో కూడా ఇస్తే 10 నుంచి 12 నెలలు. బయటపడేసరికే 90 శాతానికి పైగా కుక్కల్లో కంటికి కనబడని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. మూడు కాళ్ళతో కుక్క నడవలేదన్న బెంగ మాత్రం ఎక్కువగా మనుషులదే. బరువు మరీ ఎక్కువ లేని కుక్కలు చాలావరకు కొద్ది వారాల్లో అలవాటు పడిపోతాయి.

ప్లీహంలో నెత్తుటి గడ్డ: హేమాంజియోసార్కోమా అయితే ఆపరేషన్ ఒక్కటే చేస్తే 1 నుంచి 3 నెలలు, కీమో కలిపితే 4 నుంచి 6 నెలలు. అయితే ప్లీహంలో కనిపించే గడ్డల్లో సుమారు మూడింట ఒక వంతు క్యాన్సర్ కానివి. వాటికి ఆపరేషనే వైద్యం. స్కానింగ్‌లో ఆ రెండింటికీ తేడా తెలియదు, బయాప్సీలోనే తెలుస్తుంది.

రొమ్ము గడ్డలు: ఆడకుక్కకు సాధారణంగా 5 జతల పాలగ్రంథులుంటాయి. వాటిలో వచ్చే గడ్డల్లో దాదాపు సగమే క్యాన్సర్. 3 సెంటీమీటర్ల లోపు ఉండగా తీయించిన వాటికి ఫలితం బాగుంటుంది. 5 దాటితే ముప్పు పెరుగుతుంది. కాబట్టి పొట్ట నిమురుతున్నప్పుడు శనగగింజంత గడ్డ తగిలినా స్కేలు పెట్టి కొలిచి, తేదీ వేసి రాసుకోండి.

లింఫోమా విషయంలో ఒక జాగ్రత్త. ఏ జబ్బో తేలకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే బిళ్ళలు తాత్కాలికంగా తగ్గి సూది పరీక్ష తారుమారవుతుంది. తర్వాత ఇచ్చే కీమో కూడా సరిగా పనిచేయదు. కీమో చేయించే ఆలోచన ఉంటే స్టెరాయిడ్ కన్నా ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

365 మెట్లు: మధ్యస్థం అంటే ఇదీ

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లు, రోజుకో మెట్టు లెక్కన. లింఫోమాకు కీమో మొదలుపెట్టిన వంద కుక్కలు ఒకేసారి కింది మెట్టు మీద కాలు పెట్టాయనుకోండి. మధ్యస్థం ఏడాది అంటే, పై మెట్టుకు చేరేసరికి సుమారు 50 కుక్కలు దారిలో ఆగిపోయి ఉంటాయి, మరో 50 ఇంకా నడుస్తుంటాయి. ఆగినవాటిలో కొన్ని ముప్ఫయ్యో మెట్టు దగ్గరే ఆగి ఉండొచ్చు. నడుస్తున్నవాటిలో 20 నుంచి 25 మరో ఏడాది కూడా నడుస్తాయి. సరిగ్గా 365వ మెట్టు మీద ఆగే కుక్క ఒక్కటి కూడా ఉండకపోవచ్చు.

కాబట్టి మధ్యస్థం మీ కుక్క చివరి తేదీ కాదు, గుంపు మధ్యలో గీసిన గీత. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో అరుదైన క్యాన్సర్ బయటపడినప్పుడు దాని మధ్యస్థం 8 నెలలు. ఆయన మరో 20 ఏళ్ళు బతికి 2002లో వేరే క్యాన్సర్‌తో పోయాడు. మధ్యస్థానికి అటువైపు తోక ఎంత పొడవుందో చూడాలని 1985లో ఆయన రాసిన వ్యాసాన్ని వైద్యులు ఇప్పటికీ రోగులకు చదవమని ఇస్తుంటారు.

అందరికీ గూల్డ్ అదృష్టం పట్టదన్నదీ నిజమే. డాక్టరును మూడు అంకెలు అడగండి: వందలో సగం ఎప్పటికి? వందలో పాతిక ఎప్పటికి? త్వరగా పోయేవాటిలో ముందుగా కనిపించే లక్షణాలేమిటి? ఈ మూడూ తెలిస్తే ఆశకూ ఏర్పాట్లకూ రెండింటికీ చోటుంటుంది.

0.5, 8, 26: తప్పుగా చదివే అంకెలు

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్న చర్చలో ఈ మూడంకెలూ తప్పకుండా వినిపిస్తాయి. 1969 నాటి ఒక అధ్యయనంలోవి. "మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము క్యాన్సర్ 0.5 శాతం, రెండో ఎదకు ముందైతే 8 శాతం, ఆ తర్వాతైతే 26 శాతం" అని చెబుతుంటారు. అది విని, ఆలస్యంగా చేయించిన ప్రతి నాలుగు కుక్కల్లో ఒకదానికి క్యాన్సర్ వస్తుందని అనుకుంటారు. అసలు లెక్క వేరు. ఆపరేషనే చేయించని ఆడకుక్కకున్న ముప్పును 100 అనుకుంటే, ఈ మూడు వర్గాలకూ అది 0.5కి, 8కి, 26కి తగ్గుతుందని ఆ అధ్యయనం చెప్పింది. పైగా 2012లో బ్రిటన్ పరిశోధకులు ఈ విషయంపై వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, వాటి ఆధారాలు బలహీనంగా ఉన్నాయన్నారు. ఆలస్యం చేశామే అని ఇప్పుడు కుమిలిపోతున్నవాళ్ళు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

5 శాతం: కుక్క కీమో వేరు

కీమో అనగానే మన బంధువుల్లో ఎవరో పడ్డ అవస్థ కళ్ళముందు కదులుతుంది. మనిషికి ఇచ్చే కీమో లక్ష్యం ఎంత కష్టమైనా సరే జబ్బును తుదముట్టించడం. కుక్కకు ఇచ్చే కీమోలో మోతాదు తక్కువ, లక్ష్యం ఉన్నన్నాళ్ళు బాగా ఉండటం. ఆసుపత్రిలో చేర్చేంత ఇబ్బంది వచ్చేది నూటికి సుమారు 5 కుక్కలకు అని పశు క్యాన్సర్ వైద్యులు చెబుతుంటారు. ఒకటి రెండు రోజులు తిండి తగ్గడం, వాంతి, విరేచనం మామూలు. చాలా జాతుల్లో బొచ్చు ఊడదు. పూడుల్ లాంటి ఎప్పుడూ పెరిగే బొచ్చున్నవాటికి పలచబడుతుంది.

జాగ్రత్తపడాల్సింది మందు వేశాక 7 నుంచి 10 రోజుల మధ్య. అప్పుడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. ఆ రోజుల్లో 103.5 దాటితే, లేదా కుక్క లేవకుండా నీరసంగా పడుకుంటే పొద్దున దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. మందు వేసిన 72 గంటల వరకు కుక్క మూత్రం, మలం, వాంతి చేతి తొడుగులతోనే ఎత్తాలి. గర్భిణులు, పసిపిల్లలు ఆ పని దగ్గరికి రాకూడదు.

85, 70, 45: దూరాన్ని కూడా వైద్యంలో కలపండి

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. పశువైద్యానికి మాత్రం ఇప్పటికీ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ఒకటి 1903లో మొదలైన, చెన్నై వేపేరిలోని మద్రాస్ పశువైద్య కళాశాల. రెండోది 1955 నాటి తిరుపతి పశువైద్య కళాశాల, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. తిరుత్తణి నుంచి చెన్నై సుమారు 85 కిలోమీటర్లు, తిరుపతి సుమారు 70. తిరువళ్ళూరు వాళ్ళకు చెన్నై 45. డాక్టరుతో తెలుగులో మాట్లాడితేనే మనసు కుదుటపడుతుందనుకునే పెద్దవాళ్ళకు తిరుపతి నయం.

లింఫోమాకు పూర్తి కీమో అంటే ఐదారు నెలల్లో సుమారు 16 సార్లు వెళ్ళిరావాలి. తిరుత్తణి నుంచి చెన్నైకి రానూపోనూ లెక్కేస్తే 2,700 కిలోమీటర్లు దాటుతుంది. లోకల్ రైల్లో ఎక్కించుకుపోదామంటే కుదరదు. రైల్వే నిబంధనల ప్రకారం ఫస్ట్ క్లాసు కూపే మొత్తం తీసుకోవాలి, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో పంపాలి. అందుకని కారో ఆటోనో తప్పదు. అలాంటప్పుడు జబ్బు తేల్చడం, మొదటి డోసు పెద్దాసుపత్రిలో చేయించి, వారం వారం రక్తపరీక్షలు ఊళ్ళోనే చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపవచ్చేమో అడగండి. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు.

వేసవిలో ఇంకో లెక్క. ఎండలో తిరుత్తణి పేరు వాతావరణ శాఖ జాబితాలో పైనే ఉంటుంది. 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. జబ్బుతో ఉన్న కుక్కతో తెల్లవారుజామునే బయల్దేరాలి.

ఖర్చును మూడు గళ్ళలో రాసుకోండి: జబ్బు తేల్చడానికి, వైద్యం మొత్తానికి, అర్ధరాత్రి అవసరానికి. మూడో గడి ఖాళీగా ఉంటే రెండోది మొదలుపెట్టకపోవడమే మంచిది. సగంలో ఆపేసిన కీమో కన్నా మొదటి నుంచీ నొప్పి తగ్గించే వైద్యం బాగా చేయించడం కుక్కకు మేలు. చేతిలో ఉన్నంతలోనే చేయించినంత మాత్రాన ప్రేమ తక్కువైనట్టు కాదు.

10 శాతం, 30 సార్లు, 660 కేలరీలు: ఇంటి కొలతలు

బరువు: కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేయండి. వారానికోసారి, ఒకే వేళకు. 20 కిలోల కుక్క 18కి వచ్చిందంటే 10 శాతం పోయినట్టే, డాక్టరుకు చెప్పాలి.

శ్వాస: నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. చల్లని చోట పడుకున్నా రోజురోజుకూ పెరుగుతుంటే ఊపిరితిత్తుల్లోనో గుండె దగ్గరో తేడా ఉంది.

తిండి: 20 కిలోల కుక్క ఒళ్ళు కదపకుండా పడుకున్నా రోజుకు సుమారు 660 కేలరీలు కావాలి. బలం కోసమని ముద్దలు నోట్లో కుక్కొద్దు. గోరువెచ్చగా, వాసన వచ్చేలా, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టండి. కోడి ఉడికించిన నీళ్ళు అన్నంలో కలిపితే చాలా కుక్కలు మూతి పెడతాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష పెట్టొద్దు.

నొప్పి: కుక్క నొప్పితో ఏడవదు. రాత్రి చోటు మార్చుకుంటూ తిరగడం, ఒకేచోట నాకడం, మెట్ల దగ్గర ఆగిపోవడం, పిలిస్తే తోక ఊపి కూడా లేవకపోవడం, ఇవీ గుర్తులు. మన ఇంట్లో ఉన్న మాత్ర ఇవ్వకండి. కాంబిఫ్లామ్ లాంటి ఇబుప్రొఫెన్ ఉన్న మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కుక్కలకు తగిన నొప్పి మందులు వేరే ఉన్నాయి, అడిగి రాయించుకోండి.

70కి 35: మంచి రోజా, చెడ్డ రోజా

అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలాలోబోస్ 2004లో ఒక మార్కుల పద్ధతి పెట్టారు. నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రత, ఉత్సాహం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా? ఈ ఏడింటికీ ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు. మొత్తం 70. 35 దాటితే ఇంటి సేవ కొనసాగించవచ్చు. దిగజారుతుంటే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి.

ఇంట్లో ఇద్దరు విడివిడిగా మార్కులు వేస్తే మేలు. రోజంతా దగ్గరుండే అమ్మ 28 వేసి, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తోక ఊపడం ఒక్కటే చూసే నాన్న 45 వేస్తే, ఆ 17 మార్కుల తేడా గురించే ఇంట్లో మాట్లాడుకోవాలి. దాంతోపాటు గోడ క్యాలెండర్‌లో ప్రతి రాత్రీ ఒక గుర్తు పెట్టండి: మంచి రోజైతే టిక్కు, చెడ్డదైతే ఇంటూ. వారంలో ఇంటూలు నాలుగు దాటుతున్నాయంటే కుక్క చెప్పలేని మాట క్యాలెండర్ చెబుతున్నట్టే.

నొప్పి తట్టుకోలేని స్థితికి వచ్చిన జంతువుకు బాధ లేకుండా ప్రాణం విడిపించడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అనుమతిస్తుంది. పశువైద్యుడే చేయాలి. నరంలోకి మత్తుమందు ఎక్కిస్తే కుక్క ముందు నిద్రలోకి జారుతుంది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. ఇంటికొచ్చి చేస్తారా, మనం పక్కన ఉండొచ్చా, తర్వాత ఎక్కడ పూడ్చాలి, ఈ మూడూ ముందే అడిగిపెట్టుకోండి. పొలంలో పూడ్చేట్టయితే బావికి దూరంగా, కనీసం 4 అడుగుల లోతున పూడ్చండి. ఆ మత్తుమందు కళేబరంలో ఉండిపోతుంది, వేరే కుక్కలో పక్షులో తవ్వి తింటే వాటికీ ప్రాణాపాయం.

86, 35, 22: చూసుకునేవాళ్ళ సంగతి

2003లో అమెరికాలో పెంపుడు జంతువును పోగొట్టుకున్న 174 మందిని అడిగితే, సుమారు 86 శాతం మందికి మొదట్లో దుఃఖ లక్షణాలు ఏదో ఒకటి ఉన్నాయి. ఆరు నెలలకు ఆ సంఖ్య 35 శాతానికి, ఏడాదికి 22 శాతానికి తగ్గింది. అంటే ఐదుగురిలో ఒకరికి ఏడాది తర్వాత కూడా ఆ బాధ పోలేదు. పోక ముందు బాధ కూడా తక్కువేం కాదు. జబ్బుతో ఉన్న పెంపుడు జంతువును చూసుకునేవాళ్ళలో ఒత్తిడి, దిగులు ఎక్కువగా ఉంటున్నాయని 238 మందితో 2017లో చేసిన మరో అధ్యయనం చెప్పింది.

"మనుషులకే దిక్కులేదు, కుక్కకు కీమోనా" అనే పెద్దమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆమెతో వాదించి గెలవాల్సిన పనిలేదు. కుక్క బాధ్యత తీసుకున్నవాళ్ళం మనం, ఖర్చు పెట్టేది మనం, నిర్ణయమూ మనదే. పిల్లలకు మాత్రం "ఊరికి పంపేశాం" లాంటి అబద్ధాలు చెప్పొద్దు. జబ్బు పేరు, మందు పేరు, ఏం జరగబోతోందో వాళ్ళ వయసుకు తగ్గట్టు చెప్పండి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టే పని వాళ్ళకే ఇవ్వండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, పనిలో మనసు నిలవకపోయినా 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఇది, 2022 అక్టోబరులో మొదలైంది. తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.

8 ప్రశ్నలు: చీటీ రాసుకుని వెళ్ళండి

1. జబ్బు పూర్తి పేరేమిటి? చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాసిస్తారా?
2. సూది పరీక్షలో తేలిందా, బయాప్సీలోనా, అంచనాయేనా?
3. పిడుదుల జ్వరం పరీక్ష చేశారా?
4. ఎక్కడిదాకా పాకింది?
5. ఏమీ చేయకపోతే, నొప్పి మందులే వాడితే, పూర్తి వైద్యం చేయిస్తే: వందలో సగం కుక్కలకు ఎంత కాలం?
6. ఎన్నిసార్లు రావాలి, మొత్తం ఎంతవుతుంది?
7. ఏ లక్షణం కనిపిస్తే అర్ధరాత్రైనా ఫోన్ చేయాలి? ఏ నంబరుకు?
8. ఇదే మీ కుక్కయితే ఏం చేస్తారు?

ఎనిమిదో ప్రశ్నకు చాలామంది డాక్టర్లు ఒక్క క్షణం ఆగి, మనసులో ఉన్నది చెబుతారు. అన్నీ రాసుకున్నాక కూడా "ఇంకెన్నాళ్ళు" అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి డాక్టరు దగ్గరున్నది వంద కుక్కల జవాబు. మీ క్యాలెండర్‌లో ఉన్నది మీ కుక్క ఒక్కదాని జవాబు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని తీసుకున్న నిర్ణయానికి పెద్దమ్మతో సహా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.